నేను నడవని సందు

ఇల్లు కొనేటప్పుడు మా వీధి పిల్లలు నన్ను వెంట పిలుచుకుపోతుంటారు. ముప్పయ్యేండ్లకు పైగా ఇంటి పన్నుల గుమాస్తాగా పనిచేసిన ముసలాయన కదా, ఇంటి విలువ ఇట్టే చెప్తాడని వాళ్ళ నమ్మకం. నేను ఇంట్లోకే పోను. గడప ముందర నిలబడి, పాలు ఎక్కడ తెచ్చుకుంటారు, బడి ఎంత దూరం, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి నడిచే పోవచ్చా అని అడుగుతాను. "బండి ఉంది కదా తాతా" అంటారు. బండి ఉంటే ఉండనీండి, సంతోషం. నాకూ ఒకప్పుడు కొత్త బండి ఉండేది. దాని వల్ల ఒక పెద్దమనిషి బతుకు రోడ్డున పడబోయింది. ఆ సంగతి రాసిపెడితే మీలో ఒకరిద్దరికైనా పనికొస్తుందని ఈ వయసులో కలం పట్టాను.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళలోనూ నేను పనిచేశాను. ఇది ఏ ఊళ్ళో జరిగిందో చెప్పను. ఆ మనుషుల మనుమలు, మనుమరాండ్రు ఇంకా అక్కడే అంగళ్ళు నడుపుకుంటున్నారు, నాకెందుకు తంటా. కర్నూల్లో గుడారాల కింద నడిచిన రాజధాని హైదరాబాదుకు పోయిన కొత్తలో, అణాలు పోయి నయాపైసలు వచ్చి ప్రతి అంగట్లోనూ తగాదాలు జరుగుతున్న రోజుల్లో జరిగిందని మాత్రం చెప్పగలను.

మా పని ఏమిటంటే, ఒక ఇంటిని బాడుగకు ఇస్తే ఏడాదికి ఎంత వస్తుందో అంచనా కట్టి, దాన్నిబట్టి పన్ను వేయడం. వినడానికి ఎంత సులువో చేయడానికి అంత కష్టం. నాకు ఈ విద్య నేర్పినవాడు మా ఆఫీసులోని పాత బిల్లు కలెక్టరు. చుట్టరికం లేకపోయినా నేనాయన్ను మామా అనేవాణ్ణి. కాళ్ళకు టైరు చెప్పులు, చంకలో గుడ్డ సంచి, నోట్లో ఎప్పుడూ వక్క. నేను చేరిన రోజే నన్ను ఎండలో ఊరంతా తిప్పి ఇట్లా చెప్పాడు.

"బాడుగ ఎంతని అడిగినావనుకో, ఇంటాయన సగం చెప్తాడు, బాడుగకుండే ఆయప్ప రెండింతలు చెప్తాడు. ఆ మాటే ఎత్తొద్దు. నీళ్ళు యాడ ముంచుకుంటారో అడుగు. పిండి యాడ ఆడించుకొస్తారో అడుగు. బిడ్డ బడికి ఒంటిగా పోతాదా, ఎవరైనా తోడు పోవాల్నా అడుగు. బాడుగ దాంట్లో ఉంటాది."

మొదట్లో నాకిది ముసలాయన చాదస్తంగా తోచింది. ఇంటికి విలువ గోడల్లో, పైన పరిచిన బండల్లో ఉంటుంది కానీ పిండిమిల్లులో ఉంటుందా? ఒకసారి ఆయన నన్ను రెండిళ్ళు చూపించడానికి తీసుకుపోయాడు. రెండూ ఒకే మేస్త్రీ కట్టినవి, ఒకే కొలత, తలుపులు కూడా ఒకే మానుతో చేసినవి. ఒకటి బజారు వెనక, ఇంకోటి గొర్రెల సంత అవతల. బజారు వెనక ఇంటి బాడుగలో సగానికి కూడా సంత అవతలి ఇంట్లో ఎవరూ దిగలేదు. అంతకుముందు దాంట్లో ఉండిన ఇల్లాలు ఉప్పు అయిపోతే చీకటిపడేలోగా తెచ్చుకోలేక పక్కింట్లో చేబదులు తీసుకునేది. ఆ రోజు నుంచి మామ మాట నాకు బాగా ఎక్కింది.

ఎక్కింది కానీ నిలవలేదు. ఆఫీసువాళ్ళు సైకిళ్ళ కోసం అడ్వాన్సు ఇచ్చారు, నేను ఒకటి కొనుక్కున్నాను. నల్లటి సైకిలు, పచ్చ సీటు కవరు, గంట మోగిస్తే సందు చివరి దాకా వినపడేది. నెల రోజులు పట్టే పని పది రోజుల్లో ముగించేసేవాణ్ణి. మా పెద్ద ఆఫీసరు నన్ను నలుగురిలో మెచ్చుకున్నాడు కూడా. మామ మాత్రం ఆ సైకిలు వంక చూసి, "శానా బాగుండాది. నీ కాళ్ళు అమ్ముతావా ఏంది, ఇంక పనిలేదు గదా" అన్నాడు. ఆయనకు కుళ్ళు అనుకున్నాను.

అప్పట్లో మా ఊరు పెరిగి, బస్సుల రోడ్డుకు అవతల కొత్తపేట అని ఒక పేట లేచింది. బడిపంతుళ్ళు, గుమాస్తాలు, చిన్న చిన్న అంగళ్ళవాళ్ళు చీటీలు పాడి, నగలు కుదువపెట్టి అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. ఊరికి అంత ఎడంగా ఉన్నా కొత్తపేటలో బాడుగలు బాగానే పలికేవి. ఎందుకు పలుకుతున్నాయని నాకు అనుమానం రాలేదు. సైకిలు మీద మూడు నిమిషాల దూరమే కదా అనుకున్నాను. అసలు కారణం ఒక సందు. ఒక బట్టల సాహుకారి పత్తి గోడౌనుకూ పక్కనున్న ప్రహరీకీ నడుమ, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవగలిగినంత వెడల్పు దారి ఉండేది. దాంట్లో పడితే, చివర రోడ్డు కిందుగా ఉన్న వంతెన గుండా, రోడ్డు ఎక్కే పనే లేకుండా బడికి, బజారుకు, ఆసుపత్రికి పోవచ్చు. పశువులు దూరకుండా దాని మొగలో రెండు బండలు నిలువుగా పాతి ఉన్నాయి. మనిషి కొంచెం పక్కకు తిరిగి దూరాలి. సైకిలు దూరదు. అందుచేత నేను దూరలేదు.

పన్నులు సవరించే ఏడు ఆ గోడౌనును కొలవడానికి పోయాను. టేపుకు ఒక కొస నేను పట్టుకుంటే, రెండో కొస సాహుకారి గుమాస్తా పట్టుకొని ప్రహరీ దాకా నడిచాడు. "ఈ మూల నుంచి ఆ మూల దాకా అంతా మాదేప్పా, రాసుకో" అన్నాడు. నడుమ ఖాళీ కనబడింది. గోడౌను తాలూకు దొడ్డి అనుకున్నాను. బండల దగ్గరికి నాలుగడుగులు వేసి ఉంటే అటునుంచి మనుషులు వస్తుండడం కనిపించేది. అప్పటికే మధ్యాహ్నం అయింది, ఆకలవుతోంది, ఇంకా ఆరిళ్ళు ఉన్నాయి. రాసేసుకున్నాను. పన్ను పెరిగిందని ఆ సాయంత్రం ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మూడేండ్ల తర్వాత కొత్తపేట నుంచి అర్జీల మీద అర్జీలు రావడం మొదలైంది. బాడుగలు పడిపోయాయి, పన్ను తగ్గించండి అని. మా పెద్ద ఆఫీసరు కోస్తా నుంచి వచ్చినాయన. ఎవర్నీ ఒక్క మాట అనడు, ఆఫీసు బంట్రోతును కూడా అండీ అని పిలుస్తాడు. "ఊరంతా పెరుగుతుంటే ఈ పేట ఒక్కటీ ఎందుకు తగ్గుతోందండీ? ఒకసారి చూసి రండి" అన్నాడు.

మరునాటి ఉదయం సైకిలెక్కి పోతుంటే, బస్సుల రోడ్డు పక్కన కొత్తపేట అయివారు నిలబడి ఉన్నాడు. బళ్ళో ఒకటో తరగతి చెప్పే పెద్దాయన. నెత్తిన తలపాగా, చేతిలో గొడుగు. అటునుంచీ ఇటునుంచీ లారీలు పోతున్నాయి. ఆయన దాటడానికి ఒక అడుగు వేస్తాడు, మళ్ళీ వెనక్కి తీస్తాడు. దగ్గరికి పోయి నమస్కారం అన్నాను.

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు నా ముఖంలోకి చూస్తూ.

పది మార్లు ఆయన ఇంటికి పోయి, ఆయన భార్య చేతి మజ్జిగ తాగినవాణ్ణి. "పన్నుల గుమాస్తాను అయివారూ" అన్నాను.

"నువ్వా. మా ఆడమనిషికి జ్వరం నాయనా. రోజూ ఆమె తోడు వస్తాండ్య. కొంచెం సైకిలు దిగి నాతో నడుస్తావా?"

అప్పటికి నాలుగు నెలలుగా ఆ దంపతులు ఇద్దరూ కలిసి బడికి పోవడం చూసి, ముసలితనంలో మోజు ముదిరిందని ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను. ఆయన నా సైకిలు క్యారియరు పట్టుకున్నాడు. రోడ్డు దాటేటప్పుడు లారీ హారను మోగితే క్యారియరును వెనక్కి లాగాడు. అవతలికి చేరాక ఆయనే చెప్పాడు.

"నడుమ చూపు పోయింది నాయనా. పక్కల మాత్రం కొంచెం తెలుస్తాది. మనిషిని చూస్తే మొకం ఉండదు, చెవులు ఉంటాయి."

"మరి పాఠం ఎట్లా చెప్తాండారు?"

"ముప్పయ్యేండ్లు చెప్పిన పుస్తకమే గదా, దాంట్లో చూసేదేముంది. పలక మీద రాసింది బిడ్డలే చదివి వినిపిస్తారు. వాళ్ళకు తెలుసులే. ఇంతవరకు యాడా నోరు జారలే." కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "ఇంక రెండేండ్లుండాది. ఆ రెండేండ్లు గడిస్తే పింఛను వస్తాది. ఈలోగా పనికిరాడని ఇంటికి పంపితే మా ఇద్దరికీ గంజి గూడా పుట్టదు. ఆ సందు ఉన్నన్ని దినాలు నాకు ఎవురి తోడూ అక్కరలేదు. గోడకు చెయ్యానిచ్చి కండ్లు మూసుకొని పోతాంటి. ఇప్పుడు ఆడ గోడ కట్టేసినారు."

బడి పక్కకు మారిపోకూడదా అన్నాను. ఆయన నవ్వాడు.

"ఇల్లు అమ్మజూపితి. పోయిన ఏడు మా పక్కింటాయనకు వచ్చిన దుడ్లలో సగం గూడా ఎవురూ అనడం లేదు. సందు పోయినాక ఆ పక్కకు ఎవురొస్తారు నాయనా? బడి కాడ ఒంటి గది బాడుగ నా జీతంలో సగం. ఉండే ఇల్లు అమ్ముడుపోదు, పోవాల్సిన ఇల్లు అందదు. ఆ సందు ఊరిదేమో అనుకొనింటిమి. సాహుకారిదే అంట గదా, మీ రిజిస్టర్లోనే ఉండాదంట."

 ఆయన్ను బడి దగ్గర వదిలి నేరుగా ఆఫీసుకు పోయి రిజిస్టరు తీశాను. ముత్యాల్లాంటి దస్తూరీ, నాదే. గోడౌను, దొడ్డితో సహా. ఆ దొడ్డి మీద సాహుకారి మూడేండ్లు పన్ను కట్టాడు. మా రసీదులు ఆయన దగ్గర ఉన్నాయి.

మామకు చెప్పాను. ఆయన రిజిస్టరు తిప్పి చూసి, వక్క ఉమ్మేసి అడిగాడు.

"ఆ సందులో ఎన్నిసార్లు నడిచినావు?"

"ఒక్కసారి కూడా లేదు మామా."

"నేను వేలసార్లు నడిచినా. రాసేముందు నాకొక మాట చెప్పింటే నీ సొమ్మేం పోతాండ్య?" ఆయన కోపం నేను అంతకుముందు చూడలేదు. "పో, ఆఫీసరుకు చెప్పు."

"ఇన్‌స్పెక్టరు ప్రమోషను లిస్టులో నా పేరుంది మామా."

"అట్లయితే చెప్పొద్దులే. అయివారు ఇంటికి పోతాడు, నువ్వు పైకి పోతావు. యాడోళ్ళు ఆడ ఉంటారు."

ఆ మాట మనసులో పెట్టుకొని నాలుగు రోజులు ఆఫీసరు గది గడప దాకా పోయి వెనక్కి వచ్చాను. చెప్పే ధైర్యం రాలేదు. పిరికివాడు ఏం చేస్తాడో అదే చేశాను. 'స్థలం విషయమై వివాదము కలదు గనుక ఆఫీసరుగారు స్వయముగా తనిఖీ చేయవలెను' అని నోటు రాసి పైకి పంపాను. నిజం దానంతట అది బయటపడితే నేను నోరు తెరవక్కరలేదని నా ఎత్తు.

తనిఖీ రోజు ఆ గోడ ముందర జనం బాగానే పోగయ్యారు. టీ అంగడి నుంచి ఒక బల్ల తెప్పించి వేశారు. సాహుకారి తెల్లటి ధోవతి కట్టుకొని, రసీదుల కట్ట ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. చెడ్డమనిషేమీ కాదు, పండగొస్తే మా ఆఫీసు వాళ్ళందరికీ పంచెలు పెట్టేవాడు. "బీడీలు తాగి ఈ సందులోనే పారేస్తాండారు సార్. నాది పత్తి. ఒక్క నిప్పు పడితే నా గతేంది?" అన్నాడు. ఆ మాటా నిజమే.

ఆఫీసరు రసీదులు చూశాడు, నేను రంగు పెన్సిళ్ళతో గీసిన పటం చూశాడు. కొత్తపేట తరఫున ఎవరు మాట్లాడతారని అడిగాడు. జనం అయివారిని ముందుకు తోశారు. పెద్దమనిషి, చదువుకున్నవాడు, ఇంకెవర్ని తోస్తారు?

ఆఫీసరు ఎంతో మర్యాదగా లేచి ఆ పటం ఆయన చేతిలో పెట్టాడు. "అయ్యవారూ, మీరంటున్న దారి ఇందులో ఎక్కడుందో కొంచెం చూపించండి."

అయివారు కాగితం పట్టుకున్నాడు. దాని వైపే తల వంచి చూస్తున్నాడు. సాహుకారి గుమాస్తా మెడ చాచి ఆయన వేలు ఎక్కడ పెడతాడా అని చూస్తున్నాడు. ఆడవాళ్ళ గుంపులో అయివారి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. ఆమె ముఖం చూశాక నా ప్రమోషను, నా లిస్టు ఏవీ గుర్తు రాలేదు. ఇంకొక క్షణం గడిస్తే ఊరందరికీ తెలిసిపోతుంది, బడివాళ్ళకు కాగితం పోతుంది, అంతే.

"ఆ పటంలో సందు లేదండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "అయివారు ఎంత వెతికినా కనపడదు. గీసింది నేనే. తప్పు గీశాను. ఆ ఖాళీ జాగా గోడౌనుదని నేనే రాశాను."

ఆఫీసరు అయివారి చేతిలోంచి కాగితం తీసుకొని మడిచి, నా వైపు తిరిగాడు. "కొలిచేటప్పుడు మీరు ఈ సందులో నడిచారా?"

"లేదండి. సైకిలు మీద వచ్చాను. సైకిలు దూరదండి."

జనం గొల్లున నవ్వారు. అంత అవమానం నాకు ఉద్యోగంలో మళ్ళీ జరగలేదు. మామ ఒక్కడే నవ్వలేదు. ఆయన ముందుకొచ్చి, "సార్, సాహుకారి కొనుగోలు దస్తావేజు తెప్పించండి. హద్దులు దాంట్లో ఉంటాయి" అన్నాడు.

సాహుకారి ఏమాత్రం తొట్రుపడలేదు. "తెప్పించే పనేముంది సార్, నాకు నోటికే వచ్చు. దక్షిణానికి కాలిదారి అని ఉండాది. నేను లేదనలే."

"మరి గోడ ఎందుకు కట్టారండీ?"

"మీ ఆఫీసోళ్ళే నాదని రాసుకొని పన్ను తీసుకుంటాండారు. పన్ను కట్టే జాగాను ఎవురైనా ఊరికే ఇడిచిపెడతారా సార్?"

ఆఫీసరు రసీదుల కట్ట తిరిగి ఆయన ముందర పెట్టాడు. రిజిస్టరు దిద్దిస్తామని, గోడ తీసేయమని చెప్పాడు. మూడేండ్లు కట్టిన పన్ను సంగతేందని సాహుకారి అడిగితే, "ఆ నడవని గుమాస్తాగారిని అడగండి" అన్నాడు. ఆయన జీవితంలో వేసిన ఒకే ఒక్క హాస్యం అదేనేమో. మరునాడే సాహుకారి తన మేస్త్రీని పిలిపించి గోడ పడగొట్టించాడు. బీడీలు తాగేవాళ్ళను తిట్టడానికి ఒక ముసలాయన్ను మొగలో కూర్చోబెట్టాడు కూడా.

నాకు మెమో వచ్చింది. రెండేండ్లు ఇంక్రిమెంటు ఆపారు. ప్రమోషను నాకంటే చిన్నవాడికి పోయింది. జనన మరణాల రిజిస్టరు దగ్గర మూలబల్ల కొన్నాళ్ళు నాకిచ్చారు. ఇంట్లో మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు, ఎనిమిదో రోజు మాత్రం ఆ వారానికి సరిపడా మాట్లాడింది.

సందు తెరుచుకున్నాక కొత్తపేట బాడుగలు మళ్ళీ లేచాయి. లేవడమంటే మామూలుగా లేవలేదు. సందు కోసం గొడవ జరిగిందని ఊరంతటికీ తెలిసింది కదా, అక్కడి నుంచి అన్నీ నడకదూరమే అని అప్పుడే చాలామందికి తెలిసింది. ఆ సాహుకారే తన అల్లుడికి అక్కడొక ఇల్లు కొన్నాడు. "సందు పక్కన గదప్పా, అందుకే రేటు" అని నాతోనే అన్నాడు. ఆయనతో పాటు నేనూ నవ్వాను, ఏం చేస్తాను? ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ పెరిగిన బాడుగ కట్టలేక రెండు కుటుంబాలు మూటలు కట్టుకొని గొర్రెల సంత అవతలికి పోయాయి. సందు తెరిపించాడని నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఆ రెండిళ్ళ ఆడవాళ్ళు మాత్రం మెచ్చుకొని ఉండరు. ఇప్పుడు ప్లాట్లు అమ్మేవాళ్ళు బస్టాండుకు ఐదు నిమిషాలు అని బోర్డులు రాస్తున్నారు. ఎవరి కాళ్ళకు ఐదు నిమిషాలో ఎవరూ రాయరు.

ఏడాది తర్వాత మా ఆఫీసరుకు బదిలీ అయింది. బస్సు దగ్గరికి సాగనంపడానికి పోతే, నన్ను పక్కకు పిలిచాడు.

"ఆ అయ్యవారికి ఇంకా ఎంత సర్వీసు ఉందండీ?"

"ఏడాది లోపే ఉందండి."

"ఆ రోజు పటం నేను తలకిందులుగా ఇచ్చాను. తొందరలో చూసుకోలేదు. ఆయన దాన్ని తిప్పలేదు." బస్సు మెట్టు మీద కాలు పెట్టి, "ఈ మాట మీ దగ్గరే ఉంచండి" అన్నాడు. నేను చెయ్యెత్తి నమస్కారం పెట్టాను.

అయివారు పూర్తి సర్వీసు చేసి దిగిపోయిన రోజు బళ్ళో దండలు వేశారు, పిల్లలకు బొరుగులు, బెల్లం పంచారు. సాయంత్రం నేనూ ఆయనా సందులో నడిచి ఇంటికి వస్తున్నాం. ఇంక దాచాల్సిన పని లేదు కదా, మీ చూపు సంగతి ఆఫీసరుకు ఆ రోజే తెలిసిందట అయివారూ, ఎవరికీ చెప్పలేదు అన్నాను. ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"తెలుసు నాయనా" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"ఆ కాగితం తిరిగి తీసుకునేటప్పుడు, ముందు నా చెయ్యి పట్టుకున్న్యాడు, పట్టుకొని, దాంట్లో నుంచి మెల్లగా తీసుకున్న్యాడు. కండ్లు కనపడేవాని చేతిలో నుంచి కాగితం ఎవురైనా ఊరికే తీసుకుంటారు. ఆ పొద్దే తెలిసిపాయ నాకు."

"మరి ఈ రెండేండ్లూ?"

"బళ్ళోకి టపా వచ్చినప్పుడల్లా, నన్ను ఇంటికి పంపే కాగితం ఇదేనేమో, హెడ్మాస్టరు ఇప్పుడు పిలుస్తాడేమో అని చెవులు రిక్కించుకొని కూర్చుంటాంటి. మా ఆడమనిషికి గూడా చెప్పలే." నడుస్తూ నడుస్తూ ఆగాడు. "ఆయప్ప మంచోడని నాకు ఈ పొద్దే తెలిసె. ముందే తెలిసింటే బిడ్డలకు ఇంకొంచెం బాగా చెప్పిందును."

ఆఫీసరు చెప్పిన మాట ఏడాదిగా నా దగ్గరే ఉంది. ఎవరికీ చెప్పకుండా దాచడమే గొప్ప అనుకున్నాను. చెప్పాల్సిన మనిషి ఒకడున్నాడని నాకు తట్టలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఇద్దరం ఇంటి దాకా నడిచాం.